గుల్ల రాళ్ళలోకి తొంగి చూసిన మనిషి

ఇంజినీరు గారు పోయారన్న కబురు మా యార్డుకి సిమెంటు తెచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. కొవ్వూరులో బ్రిడ్జి దిగాక ఆయన ఇంటి ముందు షామియానా కనిపిస్తే ఎవరినో అడిగాడట. బస్తాలు దింపిస్తూ మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసి, ఎందుకో మా ఆఫీసు గది గోడ వంక చూశాను. ఏళ్ళ తరబడి ఆయన మా యార్డుకి వచ్చారు. ఆ గదిలో మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

ఆయన పేరు మా దగ్గర ఎవరూ పలికేవారు కాదు. ఇంజినీరు గారు అంటే ఆయనే. రావులపాలెంలో అరటిగెలల మార్కెట్ దాటాక, హైవే పక్కన మాది సిమెంటు రాళ్ళు పోసే యార్డు. అప్పట్లో మా వైపు ఇల్లంటే ఎర్ర ఇటుకే. మావారు ఎక్కడో చూసొచ్చి, పంతం పట్టి ఈ మిషను తెచ్చారు. చక్రాల మీద కదులుతూ, ఆగిన చోటల్లా నాలుగు రాళ్ళు నేలమీద పెట్టి ముందుకు జరుగుతుంది. కూలీలు దాన్ని కోడిపెట్ట అనేవారు. రాళ్ళలో రెండు రకాలు. నిండు రాయి ఒకటి, గుల్ల రాయి ఒకటి. గుల్ల రాయికి లోపల రెండు పెద్ద కన్నాలుంటాయి. వరస మీద వరస కట్టుకుంటూ పోతే కన్నం మీద కన్నం వచ్చి, గోడ లోపల కింది నుంచి పైదాకా గొట్టంలాగా ఏర్పడుతుంది. మూలల్లోనూ గుమ్మాల పక్కనా ఆ గొట్టంలో ఇనప ఊచ నిలబెట్టి కాంక్రీటు నింపితే గోడ గాలికీ వానకీ తట్టుకుంటుంది. నింపకపోతే పైకి తేడా ఏమీ తెలియదు. ప్లాస్టరింగ్ చేసి రంగు వేశాక అసలే తెలియదు. ఇదంతా నాకు నేర్పింది ఇంజినీరు గారే.

ఆయన ప్రభుత్వ ఉద్యోగం మధ్యలో వదిలేశారని విన్నాం. ఎందుకో అడిగే చనువు మాకు లేదు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేవారు, రాళ్ళు చూసిపెట్టమని. స్కూటరు గేటు దగ్గర ఆగేసరికి మావారు గొంతు తగ్గించి "వచ్చాడమ్మా మన యముడు" అనేవారు. ఇంజినీరు గారు దొంతి మీది రాయి ఎప్పుడూ తీసేవారు కాదు. పైవి ఎండకి ఆరి బాగానే ఉంటాయి, లోపలివి చూడాలనేవారు. దొంతి విప్పించి నడుములోంచి రెండు రాళ్ళు తీయించి, ఒకదానికొకటి తాటించి, తల ఒక పక్కకి వంచి వినేవారు. స్కూటరు తాళం చెవితో అంచు మీద గీసేవారు. ఒక రాయిని తొట్టిలో పడేసి, టీ తాగి వచ్చి, అది ఎంత నీరు పీల్చిందో చూసేవారు. ఇసక గుట్ట దగ్గరికి వెళ్ళి చిటికెడు నాలుక మీద వేసుకునేవారు. ఉప్పగా ఉంటే మొహం చిట్లించి ఉమ్మేసి, "ఇది సముద్రపు ఇసక. లోపల ఊచని చెద తిన్నట్టు తినేస్తుంది. ఎవరు తోలారమ్మా ఇది?" అనేవారు.

ఒకసారి ఎవరో తొందరపడుతున్నారని, తడి ఆరీ ఆరని రాళ్ళు లోడు చేయిస్తున్నాం. అప్పుడే ఆయన వచ్చారు.

"ఏమ్మా, ఇవి ఎప్పుడు పోశారు?"

"పదిరోజులైందండి."

"పదిరోజుల పసిగుడ్డు చేత ఎవరైనా మూటలు మోయిస్తారా?"

అరవలేదు. లారీ పక్కన నిలబడి ఆ రాళ్ళ వంక అంత దిగులుగా చూస్తే మావారే సిగ్గుపడి దింపించేశారు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. గోడ కనిపిస్తే వేళ్ళు మడిచి కొట్టి చూసేవారు. రాజమండ్రిలో మా బంధువుల పెళ్ళికి వస్తే, భోజనాల హాలు చుట్టూ గోడ కొట్టుకుంటూ తిరుగుతున్నాడని పెళ్ళివారి తరఫు కుర్రాళ్ళు నవ్వుకున్నారు. కూర్చునేటప్పుడు గోడకి వీపు ఆనించేవారు కాదు. మా దగ్గరైతే కుర్చీ తీసుకెళ్ళి ఎండలో, యార్డు నడిమధ్యన వేసుకునేవారు. నేను చాలాకాలం అది మొహమాటం అనుకున్నాను.

ఒక శ్రావణమాసంలో మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. దొంతుల మీద కప్పిన టార్పాలిన్లు పడవ తెరచాపల్లా ఉబ్బుతున్నాయి. అందరం పరుగెత్తుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చిపడ్డాం. ఇంజినీరు గారు మాత్రం మిషను పక్కన గొడుగు పట్టుకుని నిలబడే ఉన్నారు. గొడుగు తిరగబడింది.

"లోపలికి రండి ఇంజినీరు గారూ, తడిసి ముద్దయిపోతున్నారు" అని కేకేశాను.

"పర్లేదమ్మా, పర్లేదు."

మావారు వెళ్ళి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చారు. గుమ్మం ముందు ఆయన కాళ్ళు నేలకి అంటుకుపోయినట్టు ఆగిపోయారు. వేళ్ళు మడిచి మూల దగ్గర ఒకసారి, గుమ్మం పక్కన ఒకసారి కొట్టారు.

"దీంట్లో కాంక్రీటు పోశారా?"

"పోశామండి."

"నువ్వు చూశావా?"

"మన మేస్త్రి చెప్పాడండి. నమ్మకస్తుడే."

"నువ్వు చూశావా అని అడుగుతున్నాను."

మావారు నవ్వేసి "నేను చూడలేదు లెండి" అన్నారు. ఇంజినీరు గారి మొహం సున్నం కొట్టినట్టయింది. చెయ్యి విడిపించుకుని వానలోకి వెళ్ళిపోయారు. స్కూటరు స్టార్ట్ కాలేదు. దాన్ని తోసుకుంటూ హైవే మీద వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాం. మర్నాడు మావారు పౌరుషం కొద్దీ మూల రాయి ఒకటి పగలగొట్టించారు. లోపల కాంక్రీటు నిండుగానే ఉంది. తర్వాత ఎప్పుడో వచ్చినప్పుడు ఆయనకి చూపించాం. "బాగుంది, చాలా బాగుంది" అని తలూపి, కుర్చీ తీసుకెళ్ళి మళ్ళీ ఎండలోనే వేసుకున్నారు.

ఆవిడ వచ్చింది ఎండాకాలం మొదట్లో. చామనఛాయగా, బక్కగా, చీర కుచ్చిళ్ళు బొడ్లోకి దోపుకుని, చేపల బుట్ట మోసి మోసి ఒక పక్కకి ఒరిగిన మెడతో ఉంది. గేటు దగ్గర నిలబడి నన్ను అడిగింది.

"ఇంజినీరు గారు ఇక్కడున్నారా అండి? కొవ్వూరు ఎల్లాను. ఇక్కడికొచ్చారని సెప్పారు."

ఆయన దొంతి ముందు గొంతుక్కూర్చుని రాయి గీస్తున్నారు. లేచి చేతులు దులుపుకున్నారు. "ఎవరమ్మా?"

"మాది సముద్రం ఒడ్డునండి. మీరు కట్టించిన బడి ఉండేది మా ఊళ్ళో. తుఫానుకి ఊరంతా ఆ బడిలోనే తలదాసుకున్నాం. గోడ పడిపోయింది కదండీ. మా పిల్ల ఆ గోడ పక్కనే పడుకుంది."

ఆ తుఫాను కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. కొబ్బరితోటలు దువ్విన తలల్లా ఒక పక్కకి పడిపోయిన ఏడు అది. బడి గోడ కూలి మనుషులు పోయారని అప్పట్లో మేమూ విన్నాం, కాంట్రాక్టరు మోసమని చెప్పుకున్నారు. ఆ బడికి ఇంజినీరు ఎవరో మేం ఎవరం అడగలేదు.

ఇంజినీరు గారు దొంతి అంచు మీద కూర్చున్నారు. "తెలుసమ్మా" అన్నారు. "నిన్ను చూశాను ఆ రోజు" అన్నారు.

"తిట్టడానికి రాలేదండి. తిట్టాలంటే అప్పుడే వచ్చేదాన్ని. ఇల్లు కట్టుకుంటన్నాను. పెద్దోడికి పెళ్ళి సెయ్యాలి, పాకలో ఎన్నాళ్ళుంటాం? రాళ్ళు మీరు సూసి పెట్టాలి."

"నేను వద్దమ్మా. రాజమండ్రిలో మంచి ఇంజినీరు ఉన్నాడు. నేనే తీసుకెళ్ళి చెప్తాను."

"ఇంకెవరైనా అయితే పైపైన సూసి ఎల్లిపోతారండి. మీరు అలా ఎల్లలేరు కదా, ఇప్పుడు."

ఆ మాటలో కోపం లేదు, జాలీ లేదు. పనికి సరిపోయే మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చి, దొరికాడని చెప్పినట్టుంది. ఆయన తలెత్తి ఆవిడ వంక మొదటిసారి సరిగ్గా చూశారు. తర్వాత మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నలే అడిగారు. సముద్రం ఎంత దూరం, నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయి, నుయ్యి ఉప్పా మంచా. ఆవిడ తడుముకోకుండా చెప్పింది.

"గాలి ఏ పక్క నుంచి కొట్టిందమ్మా?"

"మొదట ఈశాన్యం మూల నుంచండి. అప్పటిదాకా గోడ బానే ఉంది. సద్దుమణిగిందనుకున్నాం. గాలి తిరిగి కొట్టింది. తిరిగినాకే పడింది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాను. ఆవిడ తాగింది. ఆయన గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం మావారితో, "ఉన్న రాళ్ళు ఇంకెవరికైనా ఇవ్వండి. ఆవిడకి వేరే పోయాలి" అన్నారు. నేల కింద నుంచి బేస్‌మట్టం దాకా నిండు రాయి. ఆ పైన గుల్ల రాయి. మూలమూలకీ, ప్రతి గుమ్మానికీ కిటికీకీ రెండు పక్కలా ఊచ, కాంక్రీటు. గుమ్మాల పైన ఇల్లంతా చుట్టి వచ్చేలా ఒక కాంక్రీటు పట్టీ. ఇసక గోదావరిదే, అదీ కడిగింది. నీళ్ళు కాలవవి. మావారు విసుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఇంజినీరు గారు పొద్దున్నే బ్రిడ్జి దాటి వచ్చేసి, లారీ దగ్గరే ఇసక రుచి చూసి, మిషను పక్కనే నిలబడేవారు. పోసిన రాళ్ళ మీద గోనెపట్టాలు కప్పించి, అవి ఎండకుండా తనే బకెట్టుతో నీళ్ళు చల్లేవారు. ఆ రాళ్ళు గట్టిపడేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

రాళ్ళు ఏరే రోజున ఆవిడ కూడా వచ్చింది. ఆయన ఒక్కొక్క రాయినీ తాటించి వినడం, అంచు వేలితో తడమడం, మంచిది ఇటు, పనికిరానిది అటు పెట్టడం. ఆయన తీసేసిన రాయిని ఆవిడ వెంటనే ఎత్తుకుని, యార్డు అవతల పడేసి వచ్చేది, మళ్ళీ మంచివాటిలో కలవకుండా. మధ్యాహ్నం అన్నం పెడతానంటే ఇద్దరూ వద్దన్నారు. ఆవిడ గేటు దగ్గర కూర్చుని తెచ్చుకున్న సద్ది తింది, ఆయన కుర్చీలో ఎండలో కూర్చున్నారు.

చివరి లారీతో నేను వెళ్ళాను. మావారికి జ్వరం. ఆ ఇంటి స్థలం నుంచి చూస్తే, ఇసకలో ఒక పక్కకి సిమెంటు అరుగు ఒకటి కనిపిస్తుంది. గోడల్లేవు, పైకప్పు లేదు. మేకలు నిలబడి ఉన్నాయి దాని మీద. అది ఆ బడేనని ఎవరూ చెప్పలేదు, నాకు తెలిసిపోయింది. ఇంజినీరు గారు దానికి వీపు పెట్టి పని చేయిస్తున్నారు.

గోడలు మనిషెత్తు దాటాయి. ఆయన టార్చిలైటు పట్టుకుని నిచ్చెన ఎక్కి, గుల్లలోకి వంగి, కిందిదాకా వెలుగు వేసి చూసి, "ఊఁ, పొయ్యండి" అనేవారు. మేస్త్రి కాంక్రీటు కొంచెం పోసి ఊచతో కుమ్మేవాడు. ఆయన మళ్ళీ వంగి చూసేవారు. మళ్ళీ పొయ్యడం, మళ్ళీ చూడడం. ఆ వయసులో, ఆ ఎండలో. ఇసకలో నిచ్చెన కాళ్ళు దిగబడకుండా ఆవిడ కింద నిలబడి రెండు చేతులా పట్టుకుంది.

గుమ్మం పక్క గుల్ల దగ్గర ఆయన చాలాసేపు వంగే ఉన్నారు. పైకి లేవకుండానే మాట్లాడారు. గొంతు ఆ గుల్లలోంచి వస్తున్నట్టు వినిపించింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి."

"సెప్పండి."

"ఆ బడి దగ్గర కూడా ఇలాగే నిచ్చెన వేసి ఉంది. మిట్టమధ్యాహ్నం. నేను ఎక్కలేదమ్మా. కింద నిలబడి, 'పోశారా' అని అడిగాను. 'పోశామండి' అన్నారు. సరే అని వెళ్ళిపోయాను. ఎక్కి ఉంటే గుల్ల ఖాళీగా ఉందని కనిపించేది."

"కాంట్రాక్టరు మోసం సేశాడన్నారు కదండీ" అంది.

"చేశాడు. నేను చూడలేదు. రెండూ జరిగాయి."

ఆయన చెప్పకపోతే ఆ సంగతి ఆవిడకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఏ విచారణలోనూ బయటపడలేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆవిడ నిచ్చెన వదిలేసింది. తిరిగి చూడకుండా ఆ సిమెంటు అరుగు వైపు నడిచి వెళ్ళిపోయింది. నిచ్చెన ఒక పక్కకి దిగబడింది. నేను పరిగెత్తి పట్టుకున్నాను. "దిగండి ఇంజినీరు గారూ" అన్నాను. ఆయన దిగలేదు. గోడ పైన రాయిని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయారు. కూలీలు తట్టలు పట్టుకుని ఎవరి చోట వాళ్ళు ఆగిపోయారు.

ఆవిడ అరుగు మీద కూర్చుంది. మేకలు కొంచెం జరిగాయి. ఏడ్చిందో లేదో అంత దూరం నుంచి నాకు తెలియలేదు. చాలాసేపటికి లేచి, చీర దులుపుకుని, అదే నడకతో వచ్చింది.

"వదలండమ్మా, నేను పట్టుకుంటాను" అంది నాతో. మేస్త్రి వైపు తిరిగి, "సూత్తారేంటి? మాలు గట్టిపడిపోద్ది. పొయ్యండి" అంది. తలెత్తి ఆయనతో, "ఈ గుల్ల అయిందా అండి? తర్వాత దాంట్లోకి సూడండి" అంది.

ఆయన టార్చి వెలిగించారు. వెలుగు గుల్ల గోడల మీద అటూ ఇటూ కొట్టుకుంది. ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుని చూశారు. పొద్దుగూకే వేళకి మిగిలినవన్నీ నిండాయి.

గృహప్రవేశానికి ఆవిడ మమ్మల్ని పిలిచింది. ఆయన్ని పిలవలేదు. "పిలవదులే అమ్మా. పిలవకూడదు" అన్నారాయన, నేను అడక్కుండానే.

రెండు మూడేళ్ళకి మళ్ళీ తుఫాను వచ్చింది. రేడియోలో హెచ్చరిక మొదలైన దగ్గర్నుంచీ ఆయన మా యార్డులోనే, ఆగి ఉన్న లారీలో కూర్చుని ఉన్నారు. గంటగంటకీ ఆ ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేయించారు. సాయంత్రానికి లైను పోయింది. గాలి తగ్గగానే, దారంతా చెట్లు పడి ఉన్నాయని చెబుతున్నా వినకుండా బయల్దేరారు. లారీ ఎక్కి, లారీ ఆగిన చోట దిగి, మిగతా దారి నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళారు.

అక్కడ ఏం జరిగిందో వారం తర్వాత ఆయనే చెప్పారు. ఇల్లు నిలబడే ఉంది. తలుపు తోసుకుని ఆవిడ బయటికి వచ్చి, ఆయన్ని చూసి, "లోపలికి రండి" అందట. ఆయన లోపలికి వెళ్ళారట. చెప్తున్నప్పుడు కూడా అది తనే చేశానా అన్నట్టు ఆగి, గడ్డం రుద్దుకున్నారు.

"లోపల ఊరు ఊరంతా ఉందమ్మా. కాలు పెట్టే చోటు లేదు. గోడలకి ఆనుకుని పిల్లలు పడి నిద్రపోతున్నారు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళాను. అందరూ ఉన్నారు" అన్నారు. తర్వాత, "ఆ పిల్ల ఒక్కత్తే లేదు" అన్నారు.

ఆ పిల్ల బతికుండగా ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మొహాల్లో వెతికారు. నేను టీ తెప్పించాను. చల్లారిపోయేదాకా అలాగే ఉంది.

ఆ తర్వాత ఆయన రావడం తగ్గిపోయింది. చూపు మందగించింది. స్కూటరు నడపవద్దన్నారట ఇంట్లో. ఎప్పుడైనా ఫోన్ చేసి, "ఇసక ఎక్కడిదమ్మా ఇప్పుడు?" అని అడిగేవారు, అంతే.

డ్రైవరు చెప్పిన రోజునే కొవ్వూరు వెళ్ళి వచ్చాను. మర్నాడు బస్సెక్కి ఆవిడ ఊరు వెళ్ళాను. ఇంకెవరు చెబుతారు ఆవిడకి? ఇంటి ముందు వల పరిచి, ఎండు చేపలు తిరగేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నేను సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో చేప అలాగే పట్టుకుని విన్నది.

"జబ్బు సేసిందా?"

"లేదండి. పొద్దున్న లేవలేదట."

తలూపి, ఇంకో వరస తిరగేసింది. తర్వాత అడిగింది.

"ఆయనకి పిల్లలున్నారా?"

ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన ఇంటి సంగతి అడగడం అదే మొదటిసారి.

"ఒక కూతురండి. కాకినాడ నుంచి వచ్చింది."

"ఏడిసిందా?"

"చాలా ఏడ్చిందండి. ఎవరు పట్టుకున్నా ఆగలేదు."

ఆవిడ చేతిలో చేప వల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. నా వంక కాకుండా సముద్రం వైపు చూస్తూ, "తనివితీరా ఏడవనియ్యండి. ఆపొద్దని సెప్పండి" అంది.

తర్వాత లోపలికి వెళ్ళి, నాకు తినడానికి అన్నం వడ్డించింది.